అడగండి చెప్తాం: 'చెక్' అంటే ఇన్ని అర్థాలా?

ప్రశ్న: నమస్తే అండీ. మా అబ్బాయి ఇంగ్లిష్ డిక్షనరీ తీసి 'చెక్' అనే మాట దగ్గర ఆగిపోయాడు. ఆపడం, పరీక్షించడం, బ్యాంకు చెక్కు, గళ్ల బట్ట, చదరంగంలో రాజుకి చెప్పే చెక్, అమెరికాలో హోటల్ బిల్లు, టిక్కు గుర్తు, ఇలా పోతానే ఉంది. ఇవన్నీ ఒకటే మాటా, లేకపోతే వేర్వేరు మాటలు ఒకే స్పెల్లింగులో వచ్చి కూర్చున్నాయా? నేను చెప్పలేకపోయా.

జవాబు: ఒకటే మాటండి. మీ డౌటు మాత్రం కరెక్టే, ఎందుకంటే ఇంగ్లిష్‌లో రెండో రకం కూడా బోలెడు ఉన్నాయి. క్రికెట్ బ్యాటు, గబ్బిలాన్ని పిలిచే బ్యాటు చూడండి, పలకడం రాయడం రెండూ ఒకటే గానీ పుట్టుకలో దేని దారి దానిదే. చెక్ అలా కాదు. మీవాడు చదివిన లిస్టు మొత్తానికి మూలం ఒక్కటే, అది పర్షియన్ మాట 'షాహ్', అంటే రాజు. షాజహాన్ లో షా, షెహన్‌షా లో షా, ఇరాన్‌ని 1979 దాకా ఏలిన షా, అందరూ ఆ షా నే.

రాజు అనే మాట బ్యాంకు చెక్కు దాకా ఎలా వచ్చిందంటే చదరంగం బల్ల మీంచి వచ్చింది. మన చతురంగం పర్షియా వెళ్లి చత్రంగ్ అయ్యింది, అరబ్బుల చేతిలో పడి షత్రంజ్ అయ్యింది, అక్కణ్ణించి యూరప్ చేరింది. ఆ ఆటలో ఎదుటివాడి రాజు మీదకి పావు తెచ్చినప్పుడు సైలెంటుగా ఊరుకోకూడదు, "షాహ్!" అని పైకి అనాలి, అంటే "రాజూ, చూసుకో" అని. యూరప్ వాళ్లు ఆటతో పాటు ఆ కేక కూడా తీసుకున్నారు, నోళ్లలో నలిగి నలిగి అది ఇంగ్లిష్‌లో చెక్ అయ్యింది.

ఇప్పుడు ఆ కేక పడ్డాక బల్ల మీద ఏం జరుగుతుందో ఒక్కసారి చూడండి, అర్థాలన్నీ అక్కడే పుట్టాయి. మీరు రెండెత్తుల తర్వాత ఏనుగుని ఎక్కడ పెట్టాలా అని పెద్ద ప్లాను వేసుకుని ఉంటారు, చెక్ అన్నారు, అంతే, ఆ ప్లాను ఆగిపోయింది. రాజుని జరపాలి, లేదా మధ్యలో ఇంకో పావు అడ్డం పెట్టాలి, లేదా చెక్ పెట్టిన పావునే చంపాలి, ఈ మూడు తప్ప నాలుగోది చెయ్యడానికి వీల్లేదు. అంటే చెక్ అనగానే రెండు పనులు జరుగుతాయి: ఒకటి, చేసే పని ఆగిపోద్ది. రెండు, తల దించి బల్లంతా మళ్లీ చూసుకుంటారు. ఇంగ్లిష్ వాళ్లు 1300ల చివరికే ఈ మాటని ఆటలోంచి బయటికి లాగి, దేన్నైనా ఆపడానికి, అదుపులో పెట్టడానికి వాడ్డం మొదలెట్టేశారు.

ఆపడం అనే అర్థం ఎక్కడెక్కడికి పాకిందో చూస్తే సరదాగా ఉంటది. డేగల్ని పెంచి వేటాడించే వాళ్ల భాషలో డేగ అసలు పిట్టని వదిలేసి దారిలో కనపడ్డ ఇంకేదో పిట్ట వెంట పోతే దానికీ చెక్ అనే మాటే వాడారు. వేటకుక్కలు వాసన పోగొట్టుకుని టక్కున నిలబడిపోతే అదీ చెక్కే. చెక్ డ్యామ్ అంటే వాగు నీళ్లని టెస్టు చేసే డ్యామ్ కాదు, నీటి వేగాన్ని ఆపే చిన్న అడ్డుకట్ట. పంపుల దగ్గర బిగించే చెక్ వాల్వ్ కూడా అంతే, అది ఏమీ పరీక్షించదు, నీళ్లు వెనక్కి రాకుండా ఆపుద్ది, మన గుండెలో కవాటాలు చేసే పని కూడా అదే. ఐస్ హాకీలో ఒంటితో గుద్ది ఎదుటివాణ్ణి ఆపితే బాడీ చెక్ అంటారు, దానికీ హాస్పిటల్లో బాడీ చెకప్‌కీ తేడా తెలీకపోతే కష్టం.

అమెరికా రాజ్యాంగం గురించి చదివేటప్పుడు 'చెక్స్ అండ్ బ్యాలెన్సెస్' అని వస్తుంది కదా, అక్కడ కూడా ఆపడమే. 1788లో జేమ్స్ మాడిసన్ ఫెడరలిస్ట్ వ్యాసాల్లో 51వ దాంట్లో రాసింది దీని గురించే, ప్రభుత్వంలో ఒక విభాగం హద్దు దాటితే ఇంకో విభాగం పట్టి ఆపగలగాలి అని. కాంగ్రెస్ పాస్ చేసిన బిల్లుని ప్రెసిడెంటు వీటో చేస్తాడు, ఆ వీటోని మళ్లీ రెండు సభల్లో మూడింట రెండొంతుల ఓట్లతో కాంగ్రెస్ కొట్టేస్తుంది. నన్నడిగితే ఇంగ్లిష్‌లో చెక్ అనే మాట చదరంగం వాసన పోకుండా మిగిలిన చోటు ఇదే, ఇద్దరూ ఎత్తుకి పైఎత్తు వేసుకుంటూనే ఉంటారు. పేపర్లవాళ్లు 'ప్రత్యర్థికి చెక్' అని హెడ్డింగ్ పెట్టినప్పుడు కూడా ఆ వాసనే.

మరి ఆపడం కాస్తా పరీక్షించడం ఎలా అయ్యింది? లెక్కల పుస్తకాల వల్ల. తప్పుని, మోసాన్ని ఆపాలంటే ఏం చేస్తాం, ఒక లెక్కని పక్కన ఇంకో లెక్క పెట్టి పోలుస్తాం. ముందు ఆ రెండో కాగితాన్ని, ఆ టోకెన్‌ని చెక్ అన్నారు, అది మోసానికి అడ్డం కాబట్టి. తర్వాత ఆ పోల్చే పనే చెక్ అయిపోయింది. తమాషా ఏంటంటే 'కంట్రోల్' అనే మాట సరిగ్గా ఇదే దారిలో ఎదురొచ్చింది. కంట్రోల్ అంటే పుట్టుకలో 'ఎదురు చుట్ట', అంటే అసలు లెక్క రాసిన తోలు చుట్టకి పోలిక కోసం పెట్టుకునే రెండో చుట్ట. కాబట్టి దాని మొదటి అర్థం సరిచూడ్డం, తర్వాత అదుపు చెయ్యడం అయ్యింది. చెక్ ఏమో అదుపు నుంచి సరిచూడ్డానికి వచ్చింది. రెండూ మధ్యలో ఎక్కడో ఒకదాన్నొకటి దాటుకుని పోయాయన్నమాట.

ఇక చెకప్, చెకింగ్, చెక్ లిస్ట్, స్పెల్ చెక్, ఎయిర్‌పోర్టులో చెక్ ఇన్, హోటల్లో చెక్ అవుట్, ఇవన్నీ ఆ సరిచూడ్డం కొమ్మకి కాసినవే, వీటి గురించి చెప్పడానికి పెద్దగా ఏం లేదు. హోటల్‌కి వెళ్లగానే మన పేరు రిజిస్టర్లో ఉందా లేదా చూస్తారు కాబట్టి చెక్ ఇన్. ఒక్క చెక్‌పోస్ట్ మాత్రం రెండు కొమ్మల మీదా కాలు పెట్టింది, ముందు ఆపుతారు, తర్వాత చూస్తారు.

ప్రశ్న: షాహ్ నుంచి చెక్ వచ్చిందంటే నమ్మబుద్ధి కావట్లేదండి. షా ఎక్కడ, చె ఎక్కడ, చివర 'హ్' కాస్తా 'క్' ఎలా అవుద్ది? ఊరికే సౌండు దగ్గరగా ఉందని కలిపేసిన కథ కాదు కదా?

జవాబు: అనుమానపడ్డం మంచిదే, మాటల పుట్టుక పేరుతో తిరిగే కథల్లో సగం ఉత్తవే. దీనికి మాత్రం మెట్టు మెట్టుకీ రాత సాక్ష్యం ఉంది.

యూరప్‌లో అప్పట్లో చదువుకున్నవాళ్లు రాసేది లాటిన్. లాటిన్‌లో 'ష' లేదు, చివర గట్టిగా పలికే 'హ్' కూడా లేదు. అందుకని 'ష' ని 'స్క' చేశారు, 'హ్' ని 'క్' చేశారు, చివర వాళ్ల తోక ఒకటి తగిలించారు, 'స్కాక్కుస్' అయ్యింది. అక్కణ్ణించి ఫ్రెంచ్‌కి వచ్చింది. ఫ్రెంచ్ వాళ్లకి మాట మొదట్లో 'స్క', 'స్ట' లాంటివి నోరు తిరిగేవి కావు, ముందు ఒక 'ఎ' పెట్టుకునేవాళ్లు, మనవాళ్లు స్కూల్‌ని ఇస్కూల్ అన్నట్టే. అలాగే లాటిన్ 'క' చాలాచోట్ల ఫ్రెంచ్‌లో 'చ' అయిపోయింది. రెండూ కలిసి పాత ఫ్రెంచ్‌లో 'ఎస్చెక్'. ఇంగ్లిష్ వాళ్లు మొదట్లో ఉన్న ఎస్ ని కోసేసుకుని మిగిలిన చెక్ ఉంచుకున్నారు.

ఇంకో చిన్న సంగతి. ఇప్పటి ఫ్రెంచ్ వాళ్లు దీన్ని 'ఎషెక్' అంటారు, 'చ' పోయి 'ష' వచ్చేసింది, అంటే తిరిగి తిరిగి మళ్లీ మొదలుపెట్టిన చోటుకే దగ్గరకొచ్చారు. ఇంగ్లిష్ వాళ్లు పాతకాలంలోనే అరువు తెచ్చుకున్నారు కాబట్టి పాత 'చ' అలాగే ఉండిపోయింది. చీఫ్, షెఫ్ అనే రెండు మాటలు చూడండి, రెండూ ఫ్రెంచ్‌లో ఒకటే మాట, ముందు తెచ్చుకున్నది చీఫ్, తర్వాతెప్పుడో తెచ్చుకున్నది షెఫ్. ఫ్రెంచ్‌లో ఎషెక్ అంటే ఇప్పుడు ఓటమి, ఫెయిల్యూర్ అని కూడా అర్థం, రాజుకి చెక్ పడితే ఇంకేం మిగుల్తుంది పాపం.

ఇక 'చెస్' అనే ఆట పేరు కూడా ఇదే మాట. ఎస్చెక్ కి పాత ఫ్రెంచ్ బహువచనం ఎస్చెస్, దాని తల కోస్తే చెస్. అంటే చెస్ అనే మాటకి తిన్నగా అర్థం చెప్పాలంటే 'రాజులు'. 'చెక్‌మేట్' అంటే 'షాహ్ మాత్'. మాత్ ని చనిపోయాడు అని అరబిక్ వైపు నుంచి చెప్పేవాళ్లూ ఉన్నారు, దిక్కుతోచక ఇరుక్కుపోయాడు అని పర్షియన్ వైపు నుంచి చెప్పేవాళ్లూ ఉన్నారు. నాకు రెండోదే నచ్చుతుంది, ఎందుకంటే చదరంగంలో రాజు చావడు కదా, కదల్లేక ఆగిపోతాడు, ఆట అయిపోద్ది. హిందీలో 'షహ్ ఔర్ మాత్' అంటారు చూడండి, ఇదే. రష్యన్లయితే ఆట మొత్తాన్నే 'షాహ్మతి' అంటారు.

ప్రశ్న: మీరు గతంలో ఒకసారి షా, క్షత్రియ ఒకటే అని రాసినట్టు గుర్తు. అది నిజమా?

జవాబు: ఒకటే కాదు, దాయాదులు. పాత పర్షియన్‌లో షాహ్ రూపం 'క్షాయథియ', ఏలడం అనే ధాతువు నుంచి వచ్చింది. సంస్కృతంలో క్షత్రం అంటే అధికారం, క్షత్రియ దాన్నుంచే, రెండు భాషలూ అక్కాచెల్లెళ్లు కాబట్టి ధాతువు ఇద్దరి దగ్గరా మిగిలింది. చరిత్ర పుస్తకంలో రుద్రదాముడికి 'మహాక్షత్రప' అనే బిరుదు చదువుకుని ఉంటారు, ఆ క్షత్రప కూడా ఇరాన్ వైపు నుంచి వచ్చిన మాటే, రాజ్యాన్ని కాపాడేవాడు అని. గ్రీకుల నోట్లో పడి అదే ఇంగ్లిష్‌లో 'సాట్రప్' అయ్యింది. కాబట్టి దూరపు చుట్టరికంలో చెక్కుకీ క్షత్రియకీ పేగు బంధం ఉన్నట్టే.

ప్రశ్న: చెక్ అంటే రాజు, ఆపడం, అర్థమయ్యింది. కానీ గళ్ల చొక్కాకి చెక్స్ అని పేరెందుకు? అలాగే ఇంగ్లండ్‌లో ఆర్థిక మంత్రిని 'చాన్సలర్ ఆఫ్ ది ఎక్స్‌చెకర్' అంటారు, అందులో కూడా చెక్ వినపడుతుంది. దానికీ దీనికీ లింకు ఉందా?

జవాబు: ఉంది, అసలు నాకు ఈ మాటలో బాగా ఇష్టమైన భాగం ఇదే, కాస్త ఎక్కువ రాస్తా.

చదరంగం ఆడే బల్లని పాత ఫ్రెంచ్‌లో 'ఎస్చెకియర్' అన్నారు. దాని మీద గళ్లుంటాయి కాబట్టి గళ్లున్న ప్రతిదానికీ ఇంగ్లిష్‌లో 'చెకర్' అనే పేరొచ్చింది, అది పొట్టిగా అయ్యి చెక్. అదీ మీ చొక్కా కథ. కారు రేసు చివర ఊపే నలుపు తెలుపు గళ్ల జెండా చెకర్డ్ ఫ్లాగ్. ఎవడి గతమైనా మంచీ చెడూ కలగలిసి ఉంటే చెకర్డ్ పాస్ట్ అంటారు. ఇంకో విషయం, మన దగ్గరా పర్షియాలోనూ అరబ్బుల దగ్గరా చదరంగం బల్ల మీద గీతలే ఉండేవి, గడికో రంగు వెయ్యడం యూరప్‌కి వెళ్లాకే వచ్చిన అలవాటు.

ఇక ఎక్స్‌చెకర్. 1100ల్లో, మొదటి హెన్రీ రాజు కాలం నుంచి, ఇంగ్లండ్‌లో జిల్లాల్లో పన్నులు వసూలు చేసే షెరీఫులు ఏడాదికి రెండుసార్లు, ఈస్టర్‌కి ఒకసారి, సెప్టెంబరు చివర మైకేల్మస్ పండక్కి ఒకసారి, వచ్చి రాజుగారి అధికారుల ముందు లెక్క చెప్పాలి. ఆ లెక్క జరిగే బల్ల ఎలా ఉండేదో రాసిపెట్టినవాడు ఉన్నాడు, రిచర్డ్ ఫిట్జ్‌నీల్ అని, ఆయనే స్వయంగా ఖజానా అధికారి, 1170ల్లో రాశాడు. పుస్తకం మొత్తం ఒక శిష్యుడు అడగడం, గురువు చెప్పడం, అంటే మన ఈ శీర్షిక లాగే (కాకపోతే ఆ శిష్యుడు మీకంటే బాగా వినయంగా అడుగుతాడు). ఆ బల్ల పొడవు పది అడుగులు, వెడల్పు ఐదు అడుగులు, పెట్టినవి జారి కింద పడకుండా చుట్టూ నాలుగు వేళ్ల ఎత్తు అంచు. దాని మీద నల్లటి గుడ్డ, గుడ్డ మీద జానెడో అడుగో దూరంలో గీతలు.

ఆ గీతలెందుకంటే, అప్పట్లో వాళ్లకి సున్నాతో రాసే మన అంకెలు ఆఫీసు లెక్కల్లోకి రాలేదు, అంతా రోమన్ అంకెలు. నూటయాభై ఏడు రాయాలంటే సీ, ఎల్, వీ, రెండు ఐ లు. దాంట్లోంచి ఇంకోటి తియ్యమంటే మీరు నేను కూడా తియ్యలేం. అందుకని అంకెలు రాయకుండా బిళ్లలు పేర్చేవాళ్లు. కుడి చివర గడి పెన్నీలకి, దాని పక్కది షిల్లింగులకి, తర్వాతది పౌన్లకి, ఆ తర్వాత ఇరవైలు, వందలు, వేలు. పన్నెండు పెన్నీలైతే షిల్లింగు, ఇరవై షిల్లింగులైతే పౌను.

ఒక షెరీఫు 200 పౌన్లు కట్టాలనుకోండి. పై వరసలో వందల గడిలో రెండు బిళ్లలు పెడతారు. ఆయన తెచ్చింది 157 పౌన్ల 8 షిల్లింగుల 4 పెన్నీలు. కింద వరసలో వందల గడిలో ఒకటి, ఇరవైల గడిలో రెండు, పౌన్ల గడిలో పదిహేడు, షిల్లింగుల్లో ఎనిమిది, పెన్నీల్లో నాలుగు. ఇప్పుడు పైదాంట్లోంచి కిందది తీసుకుంటూ పోతారు, చాలకపోతే పెద్ద బిళ్ల ఒకటి తీసి చిన్న బిళ్లలుగా మారుస్తారు, చివరికి ఇరవైల గడిలో రెండు, పౌన్లలో రెండు, షిల్లింగుల్లో పదకొండు, పెన్నీల్లో ఎనిమిది మిగుల్తాయి. అంటే 42 పౌన్ల 11 షిల్లింగుల 8 పెన్నీలు బాకీ. చదువు రాని షెరీఫు కూడా నిలబడి చూస్తే తన బాకీ కళ్లకి కనపడుద్ది, ఖాళీ గడే అక్కడ సున్నా పని చేసేది.

గళ్ల గుడ్డ, రెండు పక్కలా మనుషులు, మధ్యలో పావుల్లాగా బిళ్లలు, అందుకే ఆ బల్లకి చదరంగం బల్ల పేరు పెట్టారు. ఆ పుస్తకంలో శిష్యుడు అడిగేది కూడా ఇదే, ఈ పేరెందుకొచ్చింది అని. గురువు రెండు కారణాలు చెప్తాడు: ఒకటి చూడ్డానికి అలా ఉంటది కాబట్టి, రెండోది ఇక్కడ కూడా ఇద్దరి మధ్య యుద్ధమే జరుగుద్ది కాబట్టి, ఖజానా అధికారి ఒక పక్క, షెరీఫు ఒక పక్క. బల్ల పేరే ఆఫీసు పేరయ్యింది, ఆఫీసు పేరు ఇవాళ్టికీ ఆర్థిక మంత్రి పదవిలో ఉండిపోయింది. ఎస్చెకియర్ మొదట్లో ఉన్న 'ఎస్' చూసి ఇది లాటిన్ 'ఎక్స్' అయ్యుంటదని తర్వాతి గుమాస్తాలు అనుకున్నారు, అలా ఎక్స్‌చెకర్ అయ్యింది, నిజానికి ఆ ఎక్స్ కి అక్కడ పనే లేదు.

ప్రశ్న: బ్యాంకు చెక్కుకి స్పెల్లింగ్ సి-హెచ్-ఈ-సి-కె రాయాలా, సి-హెచ్-ఈ-క్యూ-యూ-ఈ రాయాలా? ఆఫీసులో ఒకరు ఒకటి కరెక్టంటారు, ఇంకొకరు ఇంకోటి.

జవాబు: అమెరికా పద్ధతైతే మొదటిది, బ్రిటిష్ పద్ధతైతే రెండోది. మన బ్యాంకులవాళ్లు వాడేది బ్రిటిష్ స్పెల్లింగే కాబట్టి ఆఫీసులో క్యూ తో రాయండి, గొడవ ఉండదు. కానీ ఒరిజినల్ ఏదని అడిగితే అమెరికా వాళ్లదే.

డబ్బు వేరేవాళ్లకి ఇమ్మని బ్యాంకరుకి చీటీ రాసివ్వడం ఇంగ్లండ్‌లో 1600ల మధ్యకే ఉంది, అప్పట్లో దాన్ని చెక్ అనలేదు. 1700ల్లో చెక్ అన్నది చీటీ చింపాక మన దగ్గర మిగిలే మొదలుకి, కౌంటర్‌ఫాయిల్‌కి. దొంగ చీటీ వస్తే దీంతో పోల్చి పట్టుకోవచ్చు, మోసానికి అది చెక్. తర్వాత్తర్వాత ఆ పేరు మొదలు మీంచి చీటీ మీదకి జరిగిపోయింది. డబ్బు వ్యవహారం కదా, ఎక్స్‌చెకర్ గుర్తొచ్చి కొంతమంది దర్జాగా క్యూ తగిలించారు, 1800ల్లో అది బ్రిటన్‌లో స్థిరపడింది. నాకైతే అది ఉత్త ఆడంబరం అనిపిస్తది, కానీ ఆ ఆడంబరం వల్ల ఒక లాభం ఉంది, క్యూ ఉంటే బ్యాంకు కాగితం, సి-కె ఉంటే మిగతావన్నీ అని చదివేవాడికి టక్కున తెలుస్తుంది.

ప్రశ్న: తెలుగు చెక్క, చెక్కడం నుంచే ఇంగ్లిష్ చెక్కు వెళ్లిందని వాట్సాప్‌లో వచ్చింది. పూర్వం అప్పు లెక్కలు చెక్క మీద చెక్కేవాళ్లు కాబట్టి అంట. నిజమేనా?

జవాబు: కాదండి. తెలుగు చెక్క, చెక్కు మన సొంత మాటలు, ఇంగ్లిష్ చెక్ వచ్చిన దారి పైన మొత్తం చెప్పాను, అందులో తెలుగు ఎక్కడా తగల్లేదు. ఊరికే సౌండు కలిసింది.

అయితే ఆ మెసేజ్ రాసినాయన తెలీకుండానే ఒక నిజం పక్కనుంచి పోయాడు. ఎక్స్‌చెకర్‌లో డబ్బు కట్టినవాడికి రసీదు కాగితం మీద ఇచ్చేవాళ్లు కాదు, నిజంగానే చెక్క మీద చెక్కి ఇచ్చేవాళ్లు. టాలీ అంటారు దాన్ని. వెయ్యి పౌన్లకి అరచెయ్యంత వెడల్పు గాటు, వందకి బొటనవేలంత, ఇరవైకి చిటికెన వేలంత, ఒక పౌనుకి బార్లీ గింజంత. తర్వాత ఆ పుల్లని నిలువునా చీల్చి డబ్బు కట్టినవాడికొకటి, ఆఫీసుకొకటి. మళ్లీ లెక్క దగ్గర రెండూ కలిపితే గాట్లు అతకాలి, అతకలేదంటే ఎవడో ఇంకో గాటు పెట్టాడన్నమాట. కౌంటర్‌ఫాయిల్‌లో 'ఫాయిల్' అనే మాట వాడేది ఆ పుల్లలో చిన్న ముక్కకే.

ఈ పద్ధతి 1826 దాకా నడిచింది అంటే నమ్మండి. ఆపేశాక గుట్టలు గుట్టలుగా పుల్లలు మిగిలిపోయాయి. 1834 అక్టోబరు 16న వాటిని పార్లమెంటులో లార్డుల సభ కింద ఉన్న పొయ్యిల్లో వేసి తగలబెట్టించారు, అవి ఎండిపోయిన పుల్లలు, పొగ గొట్టాలు కాలిపోయేంత వేడెక్కి సాయంత్రానికి పార్లమెంటు భవనం అంటుకుని చాలా భాగం కాలిపోయింది. ఇవాళ లండన్ ఫొటోల్లో చూసే పార్లమెంటు ఆ తర్వాత కట్టిందే. చిత్రకారుడు టర్నర్ ఆ మంటల్ని కళ్లారా చూసి బొమ్మలు కూడా వేశాడు.

ప్రశ్న: చెక్ రిపబ్లిక్ దేశానికీ దీనికీ ఏమైనా...

జవాబు: ఏమీ లేదు. అది 'చెహ్' అనే జనం పేరు, వాళ్ల మూలపురుషుడి పేరని అక్కడి పురాణకథ. ఇంగ్లిష్ స్పెల్లింగులో సి-జెడ్ ఉండటానికి కారణం ఆ మాట పోలిష్ రాత పద్ధతిలో రావడం. పలకడం ఒకటే కాబట్టి ఆ దేశంవాళ్లు ఇంగ్లిష్‌లో ఈ జోకు విని విని విసిగిపోయుంటారు.

ప్రశ్న: రాజు నుంచి చెక్ వచ్చింది సరే, మిగతా పావుల ఇంగ్లిష్ పేర్లు కూడా అటునుంచే వచ్చాయా? మన మంత్రి అక్కడ క్వీన్ ఎలా అయ్యింది?

జవాబు: కొన్ని వచ్చాయి. రూక్ అనేది పర్షియన్ 'రుఖ్', రథం. పాన్ అంటే లాటిన్‌లో కాలిబంటు, మన బంటుకి సరిగ్గా అదే అర్థం. పర్షియన్లు రాజు పక్కన పెట్టుకుంది 'ఫర్జీన్', అంటే సలహాదారు, మన మంత్రి ఆ పాత అర్థాన్నే పట్టుకుని ఉంది. యూరప్ వెళ్లాక రాజు పక్కన ఉండేది రాణే కదా అని క్వీన్ చేసేశారు. ఇంకోటి, అప్పట్లో ఈ పావు మహా బలహీనం, ఐమూలగా ఒక్క గడే జరిగేది. 1400ల చివర్లో రూల్స్ మార్చి ఇప్పుడున్న బలం ఇచ్చారు.

ఏనుగు, శకటు దగ్గర మాత్రం తెలుగులో అటూ ఇటూ అయ్యింది. పర్షియన్ ఆటలో మూలన రథం, గుర్రం పక్కన ఏనుగు, స్పానిష్ వాళ్లు బిషప్‌ని ఇప్పటికీ 'అల్ఫిల్' అంటారు, అరబిక్‌లో 'అల్ ఫీల్' అంటే ఏనుగే. మన దగ్గర ఏనుగు మూలకి వెళ్లింది, బండి అనే అర్థమున్న శకటు లోపలికి వచ్చింది.

ప్రశ్న: అమెరికాలో ఉన్న మా కోడలు ఫోన్లో "రెయిన్ చెక్ తీసుకుంటా" అన్నానని చెప్పింది. వాన చెక్కేంటండి? అక్కడ హోటల్లో బిల్లుని కూడా చెక్ అంటారంట.

జవాబు: అవునండి, అక్కడ తిన్నాక "చెక్ ప్లీజ్" అంటే బిల్లు తెమ్మని. టిక్కు గుర్తు పెట్టమనడానికీ చెక్ అంటారు. కోటు, టోపీ, సూట్‌కేసు లాంటివి దాచుకోమని ఇస్తే దానికి ఇచ్చే బిళ్లనీ చెక్ అంటారు, మళ్లీ వచ్చినప్పుడు ఆ బిళ్లని పోల్చి చూసి సామాను ఇస్తారు, టాలీ పుల్ల లాగే.

రెయిన్ చెక్ కూడా అలాంటి చీటీనే. 1880ల్లో అక్కడ బేస్‌బాల్ మ్యాచ్ మధ్యలో వానొచ్చి ఆగిపోతే ప్రేక్షకులు ఆ చీటీ చూపించి ఇంకో రోజు మ్యాచ్‌కి డబ్బు కట్టకుండా రావచ్చు. తర్వాత దుకాణాల్లో ఆఫర్ పెట్టిన సరుకు అయిపోతే, వచ్చాక అదే రేటుకి ఇస్తామని రాసిచ్చే చీటీకి కూడా ఆ పేరే పెట్టారు. మాటల్లో వాడితే అర్థం ఏంటంటే, ఇప్పుడు కుదరదు, ఇంకోసారి పిలవండి, తప్పకుండా వస్తా అని. కొంతమంది మర్యాదగా తప్పించుకోడానికి కూడా వాడతారు, అది గొంతుని బట్టి తెలుసుకోవాలి. మీ కోడలు ఎవరితో ఏ సందర్భంలో అందో మీరు రాయలేదు కాబట్టి అది ఏ రకమో ఆమెనే అడగండి.